గిటారుకు గీటురాయి

"కొనబోతే కొరివి, అమ్మబోతే అడివి" అన్నారు మనవాళ్ళు. కొత్త వస్తువు సంగతే అలా వుంటే పాత వస్తువు సంగతి చెప్పాలా? అందులోనూ ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కొనాలంటే?

బంగారమైతే బాధ లేదు. కంసాలి గీటురాయి మీద ఒక్క గీత గీసి, కళ్ళు చికిలించి చూసి, ఇంత రాగి కలిసిందని చెప్పేస్తాడు. పట్టుచీర అయితే జరీపోగు ఒకటి లాగి దీపం మీద పెట్టి చూసేవాళ్ళు మన అమ్మమ్మలు. నెయ్యి అరచేతిలో వేసుకు రుద్ది వాసన చూస్తాం. ప్రతి వస్తువుకీ దాని గీటురాయి దానికుంది. మరి ఎలక్ట్రిక్ గిటారుకో?

ఇదేం ప్రశ్న, మాకెందుకు అనకండి. ఎదిగిన పిల్లలున్న ఎన్నో ఇళ్ళల్లో ఈనాడు వీణ మూలపడింది, గిటారు గోడకెక్కింది. పేరున్న గిటారు కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది. "ఎవరో అమ్ముతున్నారట నాన్నా, సగం ధరకే! అసలైన ఫెండరట!" అంటూ కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. తండ్రి తల గోక్కుంటాడు. ఆ "అసలైన" అన్న ఒక్కమాట వెనక తొంభై ఏళ్ళ చరిత్ర వుంది. అపరాధ పరిశోధన నవలకి ఏమాత్రం తీసిపోని చరిత్ర అది.

1930 ప్రాంతాల్లో అమెరికాలో హవాయి సంగీతమంటే పెద్ద మోజు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి వాయించేవారు. పెద్ద హాళ్ళల్లో, బాజాల హోరులో పాపం దాని గొంతు ఎవరికీ వినిపించేది కాదు. లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడూ, ఆడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే యంత్ర నిపుణుడూ కలిసి 1931-32 సంవత్సరాల్లో దీనికో ఉపాయం కనిపెట్టారు. తీగెల దగ్గర అయస్కాంతం పెట్టి, సన్నని రాగితీగె చుట్ట అమర్చారు. ఉక్కుతీగె మీటితే అది అదురుతుంది. ఆ అదురుకి రాగిచుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరులోకి పంపితే హాలు మారుమోగుతుంది. వాళ్ళు అల్యూమినియం పోతపోసి చేసిన ఆ వాద్యం గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి పిడితో అచ్చం అట్లపెనంలా వుండేది. జనం కూడా దానికి "ఫ్రైయింగ్ పాన్" అనే పేరు పెట్టారు. ఇంత చేసినా పేటెంటు చేతికి రావడానికి 1937 దాకా ఆగవలసి వచ్చింది.

శబ్దం కరెంటుతో వస్తున్నప్పుడు గిటారు కడుపు బోలుగా వుండవలసిన పనేముంది? ఈ ప్రశ్న వేసుకున్న వాళ్ళలో ముఖ్యుడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో ఫులర్టన్ అనే చిన్న ఊళ్ళో 1938లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. ఆయనకి గిటారు వాయించడం రాదంటే నమ్మండి! రాకపోవడమే మంచిదైంది. వాద్యం చేసేవాడి కళ్ళతో కాకుండా రిపేరు చేసేవాడి కళ్ళతో చూశాడు. గట్టి చెక్కతో ఒళ్ళు, వేరే చెక్కతో మెడ, రెండింటినీ కలిపి నాలుగు స్క్రూలు. మెడ పాడైతే విప్పి కొత్త మెడ బిగించుకోవచ్చు. టెలికాస్టర్ 1951లోనూ, స్ట్రాటోకాస్టర్ 1954లోనూ ఇలాగే పుట్టాయి.

మన బొబ్బిలి వీణ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఏకాండి వీణ అంటే ఒకే పనసమానులోంచి కుండా, దండీ కలిపి తొలిచిన వీణ. దాని తల దానిదే, దాని మొండెం దానిదే. ఫెండర్ గిటారు అలా కాదు. దాని తల, మొండెం, గొంతు అన్నీ విడివిడిగా వస్తాయి, విడివిడిగా పోతాయి. గిటారును చవక చేసిన ఆ నాలుగు స్క్రూలే తరువాత మోసగాళ్ళకి తలుపు తీసిపెట్టాయి. 1957 నాటి మెడకి 1972 నాటి ఒళ్ళు తగిలించి, నిన్న చేసిన పికప్పులు పెట్టి, "అరవై ఏళ్ళనాటి సరుకండీ" అంటే కాదనడమెలా?

మొదట్లో ఈ బెడదే లేదు. పాత గిటారంటే పాత గిటారే, ఎవరు అడిగారు? గిబ్సన్ కంపెనీ వాళ్ళు మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊళ్ళో 1952 నుంచి "లెస్ పాల్" అనే గిటారు చేసేవారు. 1958 నుంచి 1960 దాకా దానికి సాయంసంధ్య లాంటి ఎరుపూ పసుపూ కలిసిన రంగు వేశారు. సరిగ్గా అమ్ముడుపోలేదు. ఆ రూపమే మానేశారు. ఆ ఎర్రరంగు ఎండకి ఆగేది కాదు. మన పాత కలంకారీ దుప్పటిలా కొన్ని గిటార్లు వెలిసి నిమ్మపండు రంగుకు తిరిగాయి. 1966లో ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ అనే యువకుడు జాన్ మేయల్ బృందంతో కలిసి అలాంటి పాత గిటారే రికార్డు మీద వాయించాడు. అంతే, కుర్రకారుకి పిచ్చెక్కింది. ఎవరూ కొనని గిటారు కోసం అందరూ వెతకడం మొదలెట్టారు.

అటు 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని సి.బి.ఎస్. వాళ్ళకి కోటీ ముప్ఫై లక్షల డాలర్లకి అమ్మేశాడు. పెద్ద కంపెనీ చేతికి వెళ్ళాక పనితనం తగ్గిందని వాద్యకారులు పెదవి విరిచారు. నిజమో, భ్రమో, "1965కి ముందుది" అన్న మాటకి విలువ వచ్చేసింది. విలువ రాగానే నకిలీ రాకుండా వుంటుందా? 1959లో రెండువందల యాభై డాలర్లకి దొరికిన లెస్ పాల్ గిటారు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతుంది.

అప్పుడు పుట్టుకొచ్చింది పాత గిటార్ల శాస్త్రం. ఈ విద్యలో పేరు పొందిన జార్జ్ గ్రూన్ 1970లో నాష్‌విల్ నగరంలో షాపు తెరిచాడు. ఆయన చదువుకున్నది జంతుశాస్త్రం. పాములంటే మహా ప్రీతి. పొలుసులూ మచ్చలూ లెక్కపెట్టి ఇది ఫలానా జాతి పాము అని తేల్చినట్టే, స్క్రూలూ చెక్కా చూసి ఇది ఫలానా ఏడాది గిటారు అని తేల్చేవాడు. 1991లో వాల్టర్ కార్టర్ అనే ఆయనతో కలిసి దీనిమీద ఓ గ్రంథమే వేశాడు.

గిటారు మీద నంబరు వుంటుంది కదా, అది చూస్తే సరిపోదా అంటారు మీరు. అక్కడే వుంది తిరకాసు. పాత ఫెండర్ గిటార్లలో ఆ నంబరు వున్నది మెడ వెనకాల వుండే రేకు మీద. ఆ రేకులన్నీ ఓ డబ్బాలో పోసి వుండేవి. పనివాళ్ళ చేతికి ఏది దొరికితే అది బిగించేవారు. వరస లేదు, వావి లేదు. గిబ్సన్ వాళ్ళు 1960ల్లో ఒకే నంబరును వేరువేరు గిటార్ల మీద మళ్ళీ మళ్ళీ వేశారు. కాబట్టి నంబరు కుదిరినంత మాత్రాన నమ్మడానికి వీల్లేదు, కుదరనంత మాత్రాన కొట్టెయ్యడానికీ వీల్లేదు.

కంపెనీల వాళ్ళే చేసిన చిత్రాలు మరికొన్ని వున్నాయి. ఫెండర్ తన కొత్త గిటారుకి 1950లో "బ్రాడ్‌కాస్టర్" అని పేరు పెట్టాడు. ఆ పేరు తమ డ్రమ్ములకుందని గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. అచ్చువేసిన పేర్లు పారెయ్యడమెందుకని, కత్తెరతో "బ్రాడ్‌కాస్టర్" ముక్క కత్తిరించేసి "ఫెండర్" ముక్క మాత్రం అతికించారు. 1951లో టెలికాస్టర్ అన్న పేరు ఖాయమయ్యేదాకా తయారైనవన్నీ పేరులేని గిటార్లే. ఇప్పుడు వాటికోసం జనం పడిచస్తున్నారు. వాటికి పేరు లేకపోవడమే పేరైంది!

గిబ్సన్ వారి కథ ఇంకా బాగుంటుంది. సేథ్ లవర్ అనే ఇంజనీరు గీ పెట్టే రొద లేని పికప్ కనిపెట్టి 1955లో పేటెంటుకి అర్జీ పెట్టాడు. పికప్ అడుగున "పేటెంటుకు దరఖాస్తు చేయబడినది" అని చిన్న కాగితం అంటించేవారు. పేటెంటు 1959లో వచ్చింది. తరువాత అంటించిన కాగితం మీద ఓ పేటెంటు నంబరు వేశారు. పోటీ కంపెనీవాడు ఆ నంబరు పట్టుకుని ఆరా తీస్తే అది పికప్‌ది కాదు, తీగెలు కట్టే కొక్కేనిది! అంటే అసలు సరుకు మీద వున్న నంబరే తప్పు. తప్పు నంబరు వుంటేనే అది అసలుది!

ఇలాంటి చోట పైకి కనిపించేదాన్ని నమ్మకుండా లోపలికి చూడాలి. వాల్యూమ్ తిప్పే మర అడుగున పోత గుడ్డిలో అచ్చువేసిన అంకెలుంటాయి. 1376612 అని వుందనుకోండి. 137 అంటే తయారుచేసిన కంపెనీ గుర్తు. 66 అంటే 1966. 12 అంటే ఆ ఏడాది పన్నెండో వారం. అంటే ఆ గిటారు అంతకు ముందు పుట్టే వీల్లేదు. తరువాత పుట్టవచ్చు. 1966లో ఫెండర్ వాళ్ళు ఆ మరలు ఎంత ఎక్కువ కొనేశారంటే, 1969లో చేసిన గిటార్లలో కూడా అవే కనిపిస్తాయి. ఇక మరకి వేసిన టంకం చూడాలి. పాత టంకం మసకబారి వుంటుంది. మధ్యలో ఎవరైనా వేలుపెడితే మెరుస్తుంది. పూత మీద అల్ట్రావయొలెట్ దీపం వేస్తే పాత లక్కపూత పసుపుపచ్చగా వెలుగుతుంది. కొత్తగా పూసిన చోటు వేరే రంగులో బయటపడిపోతుంది. మెట్లు బిగించిన పలక కూడా సాక్ష్యమిస్తుంది. పాత గిటార్లకి బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 1960ల రెండో సగంలో అది దొరకడం కష్టమయ్యాక మన దేశం కేసి చూశారు. మన దక్షిణాది అడవుల్లోని ఇరుగుడు చేవ అమెరికా గిటార్ల మీదికెక్కింది. 1959 నాటిదని చెప్పే లెస్ పాల్ మీద మన చెక్క కనిపిస్తే, కొనేవాడు అక్కడే ఆగాలి.

నాకు మాత్రం వీటన్నిటిలోకీ నచ్చినది మరో ఆనవాలు. ఫెండర్ గిటారు మెడ విప్పితే, మొదలు దగ్గర పెన్సిలుతో వేసిన తేదీ వుంటుంది. కొన్నింటి మీద "టి.జి." అన్న పొడి అక్షరాలుంటాయి. అవి మెడలు చెక్కిన టాడియో గోమెజ్ అనే పనివాడివి. 1954 నాటి స్ట్రాటోకాస్టర్ల కడుపులో అంటుకాగితం ముక్క మీద "మేరీ", "గ్లోరియా", "వర్జీనియా" అన్న పేర్లు కనిపిస్తాయి. ఆ తీగెలు అతికిన ఆడవాళ్ళ పేర్లు అవి. ఎరిక్ జాన్సన్ అనే వాద్యకారుడు తన గిటారును వర్జీనియా అనే పిలుచుకుంటాడు. 1956లో ఫెండర్‌లో చేరిన అబిగైల్ ఇబార్రా అనే ఆవిడ వెంట్రుక లాంటి రాగితీగెను వేలచుట్లు చుట్టి పికప్పులు చేసింది. 2013లో విరమించేదాకా ఆవిడ చేతి చుట్ట కావాలని పెద్ద పెద్ద విద్వాంసులు అడిగేవారు. కవరు మీద పేర్లు మగవాళ్ళవి. గిటారు విప్పితే లోపల వున్నవి ఈ ఆడవాళ్ళవి. లక్షల డాలర్ల వ్యాపారం చివరికి ఓ పనిమనిషి చేతివ్రాత మీద ఆధారపడి వుందంటే ఏమనాలి?

అయితే "అసలు" అంటే ఏమిటి? క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో ఆరు పాత స్ట్రాటోకాస్టర్లు కొన్నాడు. మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింటిలో మంచి భాగాలు ఏరి ఒక గిటారు చేయించుకున్నాడు. దాని పేరు "బ్లాకీ". లెక్కప్రకారం అది అతుకుల బొంత. పై పరీక్షల్లో దేనికీ నిలబడదు. 2004లో వేలంలో అది 9,59,500 డాలర్లకి పోయింది! పీటర్ గ్రీన్ అనే ఆయన లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి వుండేది. దానివల్ల వింత గొంతు వచ్చింది. ఆ లోపమే దానికి గుర్తు. మన బడి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు రాయించుకుంటారే, అలాగన్న మాట. 1995లో ఫెండర్ వాళ్ళు కొత్త గిటార్లకే గీతలూ సొట్టలూ పెట్టి అమ్మడం మొదలెట్టారు. కొత్త చీర కొని మాసికలు వేయించుకున్నట్టు లేదూ!

కాపీ వేరు, నకిలీ వేరు. 1970ల్లో జపాన్ వాళ్ళు అమెరికా గిటార్లను చూసి అచ్చుగుద్దినట్టు చేసేవారు. కాని తమ పేరు తామే వేసుకునేవారు. 1977లో గిబ్సన్ యజమాని అయిన నార్లిన్ కంపెనీ గిటారు తల ఆకారం మీద ఫిలడెల్ఫియా కోర్టుకి ఎక్కింది. వ్యవహారం కోర్టు బయట రాజీతో ముగిసింది. విచిత్రమేమంటే ఆ జపాన్ గిటార్లకే ఇప్పుడు మంచి గిరాకీ. నకిలీ అలా కాదు. పేరు కూడా దొంగిలిస్తుంది. 2024లో లాస్ ఏంజెలిస్ రేవులో ఆసియా నుంచి వచ్చిన మూడువేలకు పైగా దొంగ గిబ్సన్ గిటార్లను కస్టమ్సు వాళ్ళు పట్టుకున్నారు. అసలువైతే వాటి ఖరీదు కోటీ ఎనభై లక్షల డాలర్లు. ఇంత సరుకు ఎవరికోసం? తెలియనివాళ్ళ దగ్గర సగం ధరకి కొనే మన పిల్లలకోసమే.

అశోకవనంలో సీతమ్మ ఏంచేసిందో గుర్తుందా? హనుమంతుడు కనిపించగానే నమ్మలేదు. రావణుడే మళ్ళీ వేషం మార్చి వచ్చాడేమో అనుకుంది. రాముడి గుర్తులు చెప్పమంది. అతను ఆపాదమస్తకం వర్ణించి చెప్పి, నమ్మకం కలిగాకే ఉంగరం ఇచ్చాడు. ముందు మాట, తరువాత వస్తువు. కొనేవాళ్ళకి ఇంతకన్న మంచి పాఠం లేదు. ఈ గిటారు ఎక్కడ కొన్నారు, ఎప్పుడు, ఎందుకు అమ్ముతున్నారు అని అడగండి. నిజంగా వాయించినవాడు ఆపమన్నా ఆపడు. తీగె తెగిన రోజు, మర మార్పించిన షాపు, అన్నీ చెబుతాడు. అబద్ధమాడేవాడు ధర తగ్గించి తొందరపెడతాడు. ఆ తరువాత ప్లగ్గు పెట్టి ప్రతి మెట్టు మీదా మీటించి వినండి. ప్రతి మరా తిప్పించండి. మెడ విప్పి చూపించమనండి. అసలు గిబ్సన్ తలమీది చిన్న మూతకి సాధారణంగా రెండే స్క్రూలుంటాయి. దొంగ సరుకులో చాలా వాటికి మూడు. వీధి చివర కాకుండా ఇంట్లోనో షాపులోనో, తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని చూడండి.

పేరు కోసం ఇంత తాపత్రయం అక్కర్లేదు కూడా. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కి ఎనిమిది తీగెల బదులు అయిదు తీగెలు పెట్టించుకుని, దానిమీద త్యాగరాజ కీర్తనలు పలికించాడు. ఆ వాద్యం కర్ణాటక సంగీతానికి పనికిరాదన్న వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. 2014లో ఆయన పోయేనాటికి "మాండలిన్" అన్నది ఆయన ఇంటిపేరై కూర్చుంది. కలకత్తాలో చేసిన మామూలు గిటారుతో మొదలుపెట్టినా పిల్లవాడికి లోటు లేదు. దొంగపేరు పెట్టుకున్న గిటారుకి ఎక్కువ పెట్టడంలోనే లోటు.

నకిలీ కన్న పెద్ద ప్రమాదం ఇంకోటి వుంది. వస్తువు అసలుదే, అమ్మేవాడిది కాదు! జాన్ లెనన్, జార్జ్ హారిసన్ 1962 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో ఒకే రకం గిబ్సన్ గిటార్లు రెండు కొన్నారు. లెనన్ వాయించే గిటారు 1963 డిసెంబరులో లండన్ ప్రదర్శనల్లో మాయమైంది. 1960ల చివర కాలిఫోర్నియాలో ఓ పెద్దమనిషి స్నేహితుడి దగ్గర 175 డాలర్లకి ఓ పాత గిటారు కొని, నలభై ఏళ్ళు ఇంట్లో వాయించుకున్నాడు. 2008లో ఓ పత్రికలో హారిసన్ గిటారు ఫొటో చూసి, ఇది మనదానిలాగే వుందే అనుకున్నాడు. నిపుణులు నంబరు చూశారు. పాత ఫొటోల్లోని చెక్క గీతలతో పోల్చారు. చెక్కలోని గీతలు మన వేలిముద్రల్లాంటివి. రెండు చెక్కలకి ఒకేలా వుండవు. అది లెనన్‌దే! 2015లో 24 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

కెనడా గాయకుడు రాండీ బాక్‌మన్ కథ వింటే మనసు కదులుతుంది. కుర్రతనంలో పచ్చిక కోసీ, కార్లు కడిగీ 400 డాలర్లు కూడబెట్టి 1957 నాటి నారింజరంగు గ్రెచ్ గిటారు కొన్నాడు. హోటల్లో దిగితే గొలుసుతో బాత్‌రూములో కట్టేసేవాడు. అంత జాగ్రత్తగా చూసుకున్నా 1976లో టొరంటో హోటల్లో పోయింది. దాన్ని వెతుకుతూ మూడువందల పైచిలుకు గ్రెచ్ గిటార్లు కొన్నాడు. ఏదీ అది కాదు. 2020లో పొరుగాయన ఒకరు పాత ఫొటోల్లోని చెక్క గీతలనీ, చిన్న ముడినీ కంప్యూటరులో పోల్చుకుంటూ పోతే, జపాన్‌లో టకేషి అనే సంగీతకారుడి చేతిలో కనిపించింది. అతను 2014లో టోక్యో షాపులో నిజాయితీగా డబ్బిచ్చి కొన్నాడు. అతని తప్పేముంది? అయినా ఇచ్చేస్తానన్నాడు. ఒక్కటే కోరాడు, అలాంటిదే మరొకటి కావాలని. బాక్‌మన్ వెతికి వెతికి అదే ఏడాది, అదే వారంలో తయారైన గిటారు సంపాదించాడు. 2022 జులై 1న టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో ఇద్దరూ గిటార్లు మార్చుకున్నారు. పక్కపక్కన నిలబడి వాయించారు.

అందుచేత గిటారు కొన్నాక తీగెలు సవరించుకునే తొందరలో ఒక్క పని మరిచిపోవద్దు. అమ్మినవారి చేత పేరు, తేదీ, నంబరు వేసి రసీదు రాయించుకోండి. చెక్క గీతలు కనిపించేలా నాలుగు ఫొటోలు తీసి బీరువాలో పెట్టండి. యాభై ఏళ్ళ తరువాత ఏ ముసలాయనో వెతుక్కుంటూ వచ్చి తలుపు తడితే, మీ మనవడు తలవంచుకోవలసిన పని వుండదు.